తాబేలు పక్కన ఎవరున్నారు? – సీమోర్ పేపర్ట్ స్మారకోపన్యాసం

ఈ సభలో కూర్చున్న చాలామందికి సీమోర్ పేపర్ట్ పేరు తెలియకపోవచ్చు. ఆయన తాబేలు మాత్రం తెలిసే ఉంటుంది. ఒకప్పుడు మన ఇంగ్లిష్ మీడియం బడుల్లో కంప్యూటర్ పీరియడ్ అంటే తెర మీద ఒక బుల్లి త్రిభుజం, కింద రెండు మూడు ఆజ్ఞలు. ఎఫ్‌డీ 100 అంటే ముందుకు నూరు అడుగులు, ఆర్‌టీ 90 అంటే కుడివైపుకి లంబకోణం. ఆ త్రిభుజమే తాబేలు, ఆ భాష పేరు లోగో. పరీక్షలో ఖాళీలు పూరించమన్నప్పుడు ఆర్‌టీ అంటే ఏమిటో రాస్తే ఒక మార్కు. బట్టీ పట్టడాన్ని వదిలించాలని పుట్టిన భాషను మనం బట్టీ పట్టించాం.

ఆ భాషను తయారుచేసినవారిలో ముఖ్యుడైన పేపర్ట్ 1928 ఫిబ్రవరి 29న దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో పుట్టారు. తండ్రి కీటక శాస్త్రజ్ఞుడు. పసితనంలో పిల్లవాడికి పురుగుల మీద కాదు, పళ్లచక్రాల మీద పడింది మోజు. కారులో ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ గేరంటే మరీ ఇష్టం. ఒక చక్రం నెమ్మదిగా, రెండోది వేగంగా తిరుగుతున్నా అన్నీ ఒకదానికొకటి లెక్క తప్పకుండా కదలడం ఆయన్ని కట్టిపడేసింది. బడికి వెళ్లాక ఎక్కాలను గేర్లుగా ఊహించుకున్నారు. రెండు అవ్యక్తరాశుల సమీకరణం ఎదురైనప్పుడు దాన్నీ గేర్లుగానే చూశారు. యాభయ్యేళ్లు దాటాక, 1980లో అచ్చయిన 'మైండ్‌స్టార్మ్స్' పుస్తకానికి ముందుమాటగా ఈ కథే రాశారు. అందులోనే ఒక హెచ్చరిక కూడా చేశారు. దీన్ని విని పిల్లలందరికీ గేర్లు పంచిపెడితే లాభం లేదని, తాను వాటితో ప్రేమలో పడడమే అసలు సంగతి అని. ఆ హెచ్చరికను చాలా ప్రభుత్వాలు చదవలేదు. ఆయన అభిమానులూ కొందరు దాన్ని దాటేసి ముందుకు పోయారు.

చదువు విషయానికి వస్తే ఆయనది వంకర టింకర ప్రయాణం. జొహన్నెస్‌బర్గ్‌లోని విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయంలో 1949లో తత్వశాస్త్రంలో పట్టా, 1952లో గణితంలో డాక్టరేట్. వర్ణవివక్షను వ్యతిరేకించే రాజకీయాల్లో తిరిగిన కుర్రవాడు దేశం విడిచి ఇంగ్లండ్ చేరారు. 1959లో కేంబ్రిడ్జ్‌లో మళ్లీ గణితంలోనే రెండో డాక్టరేట్ పుచ్చుకున్నారు. అలాంటి మనిషి సాధారణంగా ఏ గణిత శాఖలోనో స్థిరపడి, పదిమందికి మాత్రమే అర్థమయ్యే సిద్ధాంతాలు నిరూపిస్తూ రిటైరయ్యేవారు. పేపర్ట్ మాత్రం 1958లో జెనీవా వెళ్లి జాన్ పియాజే దగ్గర చేరారు.

పిల్లలు సంఖ్యనూ కాలాన్నీ పరిమాణాన్నీ ఎలా అర్థం చేసుకుంటారో దశాబ్దాలుగా గమనిస్తూ వచ్చిన మనస్తత్వవేత్త పియాజే. పొడవు గ్లాసులో నీళ్లను వెడల్పు గ్లాసులో పోస్తే నీళ్లు తగ్గాయంటాడు నాలుగేళ్ల వాడు. వాడిది తెలివితక్కువతనం కాదు, తన దగ్గరున్న సరుకుతో తాను కట్టుకున్న సిద్ధాంతం అన్నది పియాజే కనిపెట్టిన విషయం. గణితజ్ఞుడైన పేపర్ట్ ఈ పరిశోధనల మధ్య 1963 దాకా గడిపారు. జ్ఞానాన్ని పిల్లవాడే తలలో కట్టుకుంటాడన్న మాట గురువుది. కంటికి కనిపించే వస్తువేదైనా బయట తయారుచేసి, దాన్ని నలుగురికీ చూపిస్తున్నప్పుడు ఆ కట్టడం గట్టిగా నిలబడుతుందన్న చేర్పు శిష్యుడిది. ఆ వస్తువు ఇసుక మేడ కావచ్చు, కంప్యూటర్ ప్రోగ్రామ్ కావచ్చు.

1963లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, అంటే ఎంఐటీ, పిలిచింది. మార్విన్ మిన్‌స్కీతో కలిసి అక్కడి కృత్రిమ మేధ ప్రయోగశాలను నడిపారు. ఇద్దరూ కలిసి 1969లో రాసిన 'పెర్సెప్ట్రాన్స్' ఒక పొర మాత్రమే ఉన్న న్యూరల్ నెట్‌వర్క్ ఏ పనులు చేయలేదో గణితంతో తేల్చింది. న్యూరల్ నెట్‌వర్క్‌ల పరిశోధనకు నిధులు ఎండిపోవడానికి ఆ పుస్తకమే కారణమని తిట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ వాదన ఈ సాయంత్రం మన పని కాదు. ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు. యంత్రానికి ఆలోచన నేర్పడమెలా అన్న ప్రశ్నా, పిల్లలు ఆలోచించడం ఎలా నేర్చుకుంటారన్న ప్రశ్నా ఆయనకు వేరువేరు కాదు.

ఇప్పుడు 1967కు వద్దాం. బోల్ట్, బెరానెక్ అండ్ న్యూమన్ అనే పరిశోధన సంస్థలో వాలీ ఫర్జీగ్, సింథియా సాలమన్, డేనియల్ బాబ్రో, పేపర్ట్ కలిసి లోగోను రూపొందించారు. అప్పటి కంప్యూటర్ ఒక గదికి సరిపడే యంత్రం. దానికి టెలిఫోను తీగతో తగిలించిన టెలిటైపులు కాగితం మీద గడగడా అచ్చుకొట్టేవి. తెర లేదు, మౌస్ లేదు, బొమ్మలు లేవు. అలాంటిదాన్ని పదేళ్ల పిల్లల చేతికి ఇవ్వాలనడమే పెద్దలకు విడ్డూరంగా తోచింది. అప్పుడే బడుల్లో కంప్యూటర్‌ను వాడాలని చూస్తున్నవారు లేకపోలేదు. వాళ్ల ఊహలో యంత్రం ప్రశ్న వేస్తుంది, పిల్లవాడు జవాబు చెబుతాడు, యంత్రం దిద్దుతుంది. ఆ ఏర్పాటులో యంత్రం పిల్లవాణ్ని నడిపిస్తోందని, తనకు కావలసింది పిల్లవాడు యంత్రాన్ని నడిపించడమని పేపర్ట్ వాదం.

ఈ తేడా ఎంత దూరం వెళ్లిందో లోగో తప్పు పట్టే తీరులో కనిపిస్తుంది. ఆ కాలపు భాషల్లో తప్పు ఆజ్ఞ ఇస్తే యంత్రం ఒక అంకెనో, వ్యాకరణ దోషమన్న గద్దింపునో మొహాన కొట్టేది. లోగోలో చతురస్రం గీయమని అడిగితే, అలాంటి ఆజ్ఞ ఇంకా లేకపోతే, చతురస్రం ఎలా గీయాలో నాకు తెలియదు అని జవాబు వచ్చేది. యంత్రమే తనకు తెలియదని ఒప్పుకుంటోంది. అయితే నేర్పుతాను పట్టు, అని పిల్లవాడు నాలుగుసార్లు ముందుకు, నాలుగుసార్లు కుడికి అని రాసి దానికి చతురస్రమని పేరు పెడతాడు. ఇక మీదట ఆ మాట యంత్రానికి తెలుసు. చతురస్రం పైన త్రిభుజం పెట్టి ఇల్లంటే ఏమిటో నేర్పొచ్చు, ఇళ్లన్నీ కలిపి ఊరు నేర్పొచ్చు. బడిలో నేర్చుకునే స్థానంలోనే ఎప్పుడూ కూర్చునే పిల్లవాడికి ఇక్కడ నేర్పే స్థానం దొరికింది. బొమ్మ వంకరగా వస్తే ఎర్ర ఇంకు గీత లేదు, సున్నా మార్కు లేదు. ఎక్కడ తేడా వచ్చిందో వెతికి సవరించుకోవడమే. ప్రోగ్రామర్లు రోజంతా చేసే ఆ పనిని తప్పు పట్ల ఒక వైఖరిగా బడిలోకి తేవాలన్నదే ఆయన ఆశ. పేపర్ట్ చేసిన పనులన్నింటిలో గొప్పది ఇదేనని ఈ ఉపన్యాసకుడి అభిప్రాయం. తాబేలు దీని తర్వాతే.

తాబేలు 1969–70 ప్రాంతంలో వచ్చింది. మొదట అది నేల మీద పాకే రోబో. గాజు గిన్నె బోర్లించినట్టున్న ఆ బండిని కంప్యూటర్‌కు తీగతో కట్టేవారు, పొట్ట కింద పెన్ను. ఆ పేరుకు పూర్వీకులు కూడా ఉన్నారు. బ్రిటన్‌లోని బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్ అనే శాస్త్రవేత్త 1940ల చివర్లో వెలుగును వెతుక్కుంటూ తిరిగే యాంత్రిక తాబేళ్లు చేశారు. తెరలు వచ్చాక తాబేలు వాటిలోకి ఎక్కి త్రిభుజమైంది.

వృత్తం గీయడమే తీసుకోండి. మన బడిలో వృత్తమంటే ఎక్స్ స్క్వేర్ ప్లస్ వై స్క్వేర్ ఈక్వల్స్ ఆర్ స్క్వేర్. పదో తరగతి దాటితే గాని ఈ సమీకరణం పూర్తిగా ఎక్కదు, ఎక్కినా ఎందుకలా ఉంటుందో చాలామందికి చివరిదాకా అంతుపట్టదు. తాబేలుతో ఆడే పిల్లవాడు వృత్తమెలా అని అడిగితే, నువ్వే తాబేలువనుకుని లేచి నడిచి చూడమని చెప్పాలన్నది పేపర్ట్ సలహా. వాడు లేచి నడుస్తాడు. ఒక్క అడుగు ముందుకు, కాస్త పక్కకు తిరుగు, మళ్లీ ఒక్క అడుగు, మళ్లీ కాస్త. బయలుదేరిన చోటికే వస్తాడు. దాన్ని రాస్తే ఫార్వర్డ్ 1, రైట్ 1, అలా 360 సార్లు. కేంద్రం అక్కర్లేదు, వ్యాసార్థం అక్కర్లేదు, బీజగణితం అక్కర్లేదు. ఒక్కో క్షణంలో వంపు ఎంత అన్నదాన్ని బట్టి మొత్తం ఆకారాన్ని పట్టుకోవడమంటే కలనగణితపు గుమ్మం తొక్కడమే. ఎనిమిదేళ్ల పిల్లవాడు కాళ్లతో ఆ గుమ్మం తొక్కాడు.

మనిషి–కంప్యూటర్ సంబంధాన్ని అధ్యయనం చేసేవారు ఇక్కడ ఆగి చూడాలి. ఒళ్లు ఎరిగిన తెలివిని యంత్రంతో మాట్లాడటానికి భాషగా వాడుకోవచ్చన్న ఆలోచన ఇక్కడుంది. 1968లో అలాన్ కే అనే యువ పరిశోధకుడు పేపర్ట్ ప్రయోగాన్ని, పిల్లలు లోగోతో పనిచేయడాన్ని చూసి వెళ్లి, పిల్లలు చంకలో పెట్టుకుని తిరిగే కంప్యూటర్‌ను ఊహించారు. డైనాబుక్ అని పేరు పెట్టారు. ఆ తర్వాత జిరాక్స్ వారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో ఆయన బృందం చేసిన స్మాల్‌టాక్ భాష, తెర మీద ఒకదానిపై ఒకటి పరుచుకునే కిటికీలు మన చేతుల్లో ఉన్న యంత్రాలకు తాతముత్తాతలు. ఎంఐటీలోనే రేడియా పెర్ల్‌మన్ అనే విద్యార్థిని 1970ల నడుమ ఇంకా చిన్నపిల్లల కోసం, అక్షరాలు రాని మూడు నాలుగేళ్ల వాళ్ల కోసం, బటన్ల పెట్టెను, అట్టముక్కలు దోపి తాబేలును నడిపే పెట్టెను తయారుచేశారు. నేటి బొమ్మల కోడింగ్ దిమ్మలకు అదే ఆద్యం. ఆమె తర్వాత కంప్యూటర్ నెట్‌వర్క్‌ల వైపు వెళ్లి స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్‌తో పేరు తెచ్చుకున్నారు. ఆ పెట్టెల కథ మాత్రం చాలాకాలం మరుగున పడింది.

1980 నాటికి చిన్న కంప్యూటర్లు బజారులోకి వచ్చేశాయి, 'మైండ్‌స్టార్మ్స్' కూడా వచ్చింది. లోగో బడిబడికీ పాకింది. అప్పుడే ఎదురుదెబ్బ తగిలింది. న్యూయార్క్‌లోని బ్యాంక్ స్ట్రీట్ కాలేజీకి చెందిన రాయ్ పీ, మిడియన్ కర్లాండ్ ఒక ఏడాది లోగో నేర్చుకున్న పిల్లల్నీ నేర్చుకోని పిల్లల్నీ పోల్చి చూశారు. తరగతి గదిలో చేయాల్సిన పనులన్నింటినీ తక్కువ తిరుగుడుతో ఏ వరసలో ముగించాలో పథకం వేయమన్నారు. ప్రోగ్రామింగ్ నేర్చినవారికి పథకం వేయడంలో మెరుగు కనిపించాలి కదా. కనిపించలేదు. పైగా చాలామంది పిల్లలకు లోగోలోనే లోతైన భాగాలు సరిగా అర్థం కాలేదని తేలింది.

1987లో పేపర్ట్ గట్టిగా జవాబిచ్చారు. లోగో ఏం చేస్తుంది అని అడగడమే తప్పన్నారు. కలపతో మంచి ఇల్లు వస్తుందా అని ఎవరైనా అడుగుతారా? వడ్రంగిని బట్టి, ఆ ఊరి పనితనాన్ని బట్టి ఉంటుంది. బడి సంస్కృతినంతా పక్కన పెట్టి ఒక్క వస్తువు ప్రభావాన్ని కొలవడం యంత్రానికి లేని శక్తిని అంటగట్టడమేనన్నారు. జవాబు చమత్కారంగా ఉంది, చాలావరకు నిజం కూడా. అయితే అది ఆయన్ను కూడా ఇరుకున పెట్టేదే. వడ్రంగే ముఖ్యమైనప్పుడు ఆ వడ్రంగి ఎవరు, ఎలా తయారవుతాడు, జీతమెవరిస్తారు అన్న ప్రశ్నలకు 'మైండ్‌స్టార్మ్స్'లో జవాబు దొరకదు. ఆ పుస్తకంలో పిల్లవాడున్నాడు, తాబేలుంది. పక్కన నిలబడి, లేచి నడిచి చూడు అని సరిగ్గా ఆ క్షణంలో చెప్పిన పెద్దమనిషి మాత్రం నీడలా వచ్చిపోతాడు.

ఆయన గెలిచిన చోట్లన్నీ తరచి చూడండి. బోస్టన్‌లోని జమైకా ప్లెయిన్‌లో హెన్నిగన్ స్కూల్ అనే ప్రభుత్వ బడి ఉంది. 1980ల నడుమ అక్కడ ఎంఐటీ బృందం మకాం వేసింది. ఇదిత్ హరెల్ అనే పరిశోధకురాలు నాలుగో తరగతి పిల్లలు 17 మందికి ఒక పని అప్పగించారు. తమకంటే చిన్నవాళ్లకు భిన్నాలు నేర్పే సాఫ్ట్‌వేర్‌ను లోగోలో తయారుచేయాలి. భిన్నాలంటే ముక్కలు చేసిన గుండ్రని బొమ్మలో రంగు వేసిన భాగమేనని అనుకునే ఒక అమ్మాయి కొన్నాళ్లకు ఇల్లు, సూర్యుడు, బండి గీసి, ప్రతి ఆకారంలోనూ సగానికి రంగు నింపి, లోకంలో ఎక్కడపడితే అక్కడ భిన్నాలు ఉన్నాయని చూపించింది. చివరి పరీక్షల్లో ఈ పిల్లలు భిన్నాల్లోనూ లోగోలోనూ తోటివారికంటే ముందున్నారు. బ్యాంక్ స్ట్రీట్‌లో రాని ఫలితం ఇక్కడెలా వచ్చింది? పిల్లలకు చేయాలనిపించే పని ఉంది, చూపించడానికి మనుషులున్నారు, రోజూ డిజైన్ పుస్తకంలో రాసుకునే అలవాటుంది. వీటన్నింటితో పాటు ప్రతి పిల్లవాడితోనూ మాట్లాడుతూ, రాసింది చదువుతూ హరెల్ అక్కడే ఉన్నారు.

పేపర్ట్‌కు ఇది తెలియదని కాదు. 'మైండ్‌స్టార్మ్స్' చివర్లో ఆయన బ్రెజిల్ సాంబా బృందాల గురించి రాశారు. రియోలో కార్నివాల్ కోసం ఏడాది పొడవునా పిల్లలూ ముసలివాళ్లూ, చేయి తిరిగినవాళ్లూ కొత్తవాళ్లూ ఒకే ఆవరణలో ఆడుతూ నేర్చుకుంటారు, ఉస్తాదు కూడా మధ్యలో ఒక పిల్లను పక్కకు తీసుకెళ్లి అడుగు వేయడం చూపిస్తాడు. చదువు అలా ఉండాలన్నది ఆయన కల. 1993లో వచ్చిన 'ద చిల్డ్రన్స్ మెషిన్'లో ఉపాధ్యాయులకు ఏకంగా ఒక అధ్యాయం కేటాయించారు. అప్పటికే లోకం ఆయన మాటల్లో సులువైన సగాన్ని పట్టుకుపోయింది. ఆ సగం యంత్రం.

ఆ సగంతో మన తెలుగువాడొకరికి సంబంధముంది. 1980ల మొదట్లో ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తెరాన్ ప్రభుత్వం పారిస్‌లో ఒక ప్రపంచ కంప్యూటర్ కేంద్రాన్ని పెట్టింది. జాన్ జాక్ సెర్వాన్ ష్రైబర్ దాని సూత్రధారి. ఎంఐటీ నుంచి నికొలాస్ నెగ్రొపాంటే, పేపర్ట్ అక్కడికి వెళ్లారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, గిండీలో ఇంజినీరింగ్ చదివి, కార్నెగీ మెలన్‌లో కంప్యూటర్‌కు మాట వినడం నేర్పుతున్న దబ్బల రాజగోపాల్ రెడ్డి, లోకానికి రాజ్ రెడ్డి, ఆ కేంద్రానికి ముఖ్య శాస్త్రవేత్త. మూడో ప్రపంచపు పిల్లలకు కంప్యూటర్ అందాలన్నది అక్కడి సంకల్పం. సెనెగల్ రాజధాని డకార్‌లో పిల్లలకు ఆపిల్ యంత్రాలిచ్చి లోగో నేర్పారు. రాజకీయాలు ముదరడంతో పేపర్ట్, నెగ్రొపాంటే తొందరగానే బయటపడ్డారు. 1984లో మిత్తెరాన్ చేతుల మీదుగా రాజ్ రెడ్డికి లీజియన్ ఆఫ్ ఆనర్ దక్కింది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో పల్లెటూరి పిల్లల కోసం రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు కులపతి ఆయనే. చేరిన ప్రతి విద్యార్థికీ లాప్‌టాప్ ఇచ్చారు. పారిస్ నుంచి ఇడుపులపాయకు నేరుగా గీత గీయడం అతిశయోక్తి అవుతుంది గాని, రెండుచోట్లా ఒకే పట్టుదల పనిచేసింది.

నెగ్రొపాంటే 2005లో పిల్లకో లాప్‌టాప్ అనే పథకాన్ని ప్రకటించారు. దాని వెనకున్న విద్యా సిద్ధాంతం పేపర్ట్‌దే. ఆకుపచ్చా తెలుపూ కలిసిన ముచ్చటైన యంత్రం, వంద డాలర్లకే ఇస్తామన్నారు, ఆ ధర ఎప్పుడూ సాధ్యపడలేదు. 2006లో భారత మానవ వనరుల అభివృద్ధి శాఖ మాకొద్దంది. ముందు తరగతి గదులూ టీచర్లూ కావాలి అన్నది ఆ శాఖ వాదన. అప్పట్లో ఆ జవాబును చాదస్తమని వెక్కిరించినవాళ్లున్నారు. పెరూ 8 లక్షలకు పైగా యంత్రాలు కొంది. ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంక్ పరిశోధకులు 319 పల్లె బడుల్లో పోల్చి చూసి 2012లో ఫలితం చెప్పారు. గణితంలో, భాషలో మార్కులు పెరగలేదు. సాధారణ తార్కిక సామర్థ్యంలో కొంచెం మెరుగు మాత్రం కనిపించింది.

కోస్టారికా కథ వేరు. 1987లో అక్కడ ఒమర్ దెంగో ఫౌండేషన్ ఏర్పడింది. మరుసటి ఏడాది ప్రాథమిక బడుల్లో లోగో మొదలైంది. పేపర్ట్ దగ్గరుండి సలహా ఇచ్చారు. సంస్థను నడిపిన క్లోటిల్డే ఫొన్సెకా బృందం పిల్లలకంటే ముందు టీచర్లను పట్టుకుంది. కంప్యూటర్ పండితులను బయటనుంచి తేకుండా, మామూలు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకే ప్రోగ్రామింగ్ నేర్పింది. వాళ్లు కూడా తప్పులు చేసి, సవరించుకుని, బొమ్మలు గీసి మరీ బడికి వెళ్లారు. ప్రభుత్వాలు మారినా ఆ కార్యక్రమం దశాబ్దాలు నిలిచింది. పేపర్ట్ సిద్ధాంతానికి నిజమైన పరీక్ష ఎక్కడ జరిగిందంటే అక్కడ జరిగిందని చెప్పాలి, పెరూలో కాదు.

తర్వాతి సంగతులు చాలామందికి తెలిసినవే. 1985లో మొదలైన ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో లెగో కంపెనీ పేరు మీద ఏర్పడిన ఆచార్య పీఠం, 1998లో ఆయన పుస్తకం పేరే పెట్టుకుని బజారుకొచ్చిన లెగో మైండ్‌స్టార్మ్స్ రోబో పెట్టె, శిష్యుడు మిచెల్ రెజ్నిక్ బృందం 2007లో విడుదల చేసిన స్క్రాచ్. లోగోకు లేని ఒక వసతి స్క్రాచ్‌లో ఉంది. ఎక్కడి పిల్లవాడైనా చేసిన ప్రాజెక్టును ఇంకొకరు విప్పి చూసి, మార్చి, తమది చేసుకోవచ్చు. పక్కన ఉండాల్సిన మనిషిలో కొంత భాగాన్ని తోటి పిల్లలు భర్తీ చేస్తారన్న ఆశ అందులో ఉంది.

2006 డిసెంబరులో వియత్నాం రాజధాని హనోయిలో గణిత విద్యపై జరిగిన సమావేశానికి పేపర్ట్ వెళ్లారు. ఆ ఊరి ట్రాఫిక్‌ను గణిత నమూనాలో ఎలా పట్టాలా అని సహచరుడు ఉరి విలెన్‌స్కీతో మాట్లాడుతూ రోడ్డు దాటుతుండగా మోటార్‌సైకిల్ ఢీకొట్టింది. మెదడుకు గాయమై కోమాలోకి వెళ్లారు. కోలుకున్నా మునుపటిలా పరిశోధన చేసే స్థితికి రాలేదు. 2016 జూలై 31న మెయిన్ రాష్ట్రంలోని బ్లూ హిల్‌లో, 88 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆ మెయిన్‌లోనే ప్రమాదానికి ముందు ఆయన రెండు పనుల్లో చేయి పెట్టారు. గవర్నర్ ఆంగస్ కింగ్‌ను ప్రోత్సహించి రాష్ట్రంలోని ఏడో తరగతి పిల్లలందరికీ లాప్‌టాప్‌లు ఇప్పించడం ఒకటి, అది 2002లో అమలైంది. దానికి పత్రికలన్నీ వచ్చాయి. రెండోది 1999లో సౌత్ పోర్ట్‌లాండ్‌లో, నేరాలు చేసి పట్టుబడిన కుర్రాళ్లను ఉంచే నిర్బంధ గృహంలో మొదలైంది. మామూలు సిలబస్‌నూ పరీక్షలనూ పక్కన పెట్టడానికి ప్రభుత్వం అనుమతిచ్చింది. లెగో ముక్కలు, కంప్యూటర్లు, పనిముట్లు ఉన్న ఒక గది. బడి అంటేనే గిట్టని కుర్రాళ్లు రోజుకు గంటల తరబడి ఏదో ఒకటి తయారుచేస్తూ కూర్చునేవారు. పేపర్ట్ వస్తుండేవారు. ఆయన సహచరులు డేవిడ్ కవాలో, గ్యారీ స్టేజర్ వాళ్లతో కలిసి పనిచేశారు. కొద్దిమంది కుర్రాళ్లకు ముగ్గురు నలుగురు పెద్దలు. మెయిన్ లాప్‌టాప్‌లను చూసి నేర్చుకోవడానికి చాలా రాష్ట్రాల నుంచి అధికారులు వచ్చారు. ఈ గది లెక్క ఏ బడ్జెట్ పద్దులో రాయాలో అడగడానికి వచ్చినవారు తక్కువ.